నాచారం పావురాల కవరు

ఉప్పల్,
8 జూన్ 2025.

నర్సయ్యన్నకు,
విజయశ్రీ నమస్కారాలు.

కవరు మీద గుండ్రటి అక్షరాలు చూసి ఎవరో నోటీసు పంపారని కంగారు పడకండి. నేనే, చిదంబరం సార్ దగ్గర కాగితం రెక్కలు కత్తిరించి తూకం వేసిన విజయశ్రీని. ఉప్పల్ నుంచి నాచారానికి ఉత్తరం ఏమిటని మా వారు రాఘవేంద్రగారు ఉదయం నుంచి నవ్వుతున్నారు. ఫోన్ చేస్తే, మీకు మాట వినపడదని మీ అమ్మాయి గ్రేసీ ఒక్క ముక్క చెప్పి డ్యూటీ టైమని పెట్టేసింది. నేనేమో మోకాలు మార్పించుకుని మూడు నెలలుగా మెట్లు దిగడం లేదు. అయినా మనిద్దరం నోటితో మాట్లాడుకున్నది ఎప్పుడు లెండి. ఆరేళ్ళు ఒకే గదిలో పనిచేసి చిట్టీల మీదే కాలం గడిపాం.

సార్ ఫిబ్రవరిలో పోయిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. పదకొండో రోజు అయ్యాక సార్ భార్య శ్యామలాదేవిగారు నన్ను పిలిచి, "ఈ పెట్టెలు నువ్వు పట్టుకెళ్తావా, పాతపేపర్ల వాడికి వేసెయ్యమంటావా?" అన్నారు. నలభై ఏళ్ళు పక్షులు ఎలా ఎగురుతాయో కొలిచిన మనిషి సంపాదనంతా పదకొండు అట్టపెట్టెలు. యూనివర్సిటీ లైబ్రరీ వాళ్ళు వీటి కోసం సార్ పేరున ఒక గది పెడుతున్నారు. సెప్టెంబరు ఇరవైన ప్రారంభం. సర్ది జాబితా రాసే పని నా నెత్తిన పడింది. పోయినేడాది రిటైరయ్యాను కదా, ఖాళీగా ఉంటానని అందరి నమ్మకం.

మీ చిట్టీలన్నీ ఉన్నాయి. పక్షులను ఎగరేసి కొలిచే ఫ్లైట్ రూములో మాట వినపడితే పక్షి బెదిరి వల మీద పడుతుందని ఎవరూ నోరు విప్పకూడదు. ఏం కావాలన్నా చిట్టీ రాయాలి. ఒక చిట్టీకి ఒకే సంగతి, ఒకవైపే. సార్ చదివి ఎర్ర సిరాతో టిక్కు పెట్టి తీగకు గుచ్చేవారు. ఆ తీగలన్నీ ఇప్పుడు మా హాల్లో పడి ఉన్నాయి. లైబ్రరీ వాళ్ళ రూలు సార్ రూలును మించిపోయింది. ప్రతి కాగితాన్నీ రెండు వైపులా ఫోటో తీయాలట, వెనక ఖాళీ అయినా సరే. రోజుకు వంద ఖాళీలకు ఫోటోలు తీస్తున్నాను.

మా హరితకు మన పద్ధతి చెప్పాను. మీరు పావురం రెక్కను చాచి కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్ తిప్పేవారు. నేను ఆ గీత వెంట కత్తిరించి తూచేదాన్ని. అదే కాగితంలో పది సెంటీమీటర్ల చదరం ఒకటి కోసి దాన్నీ తూచి, ఆ లెక్కన రెక్క ఎంత పెద్దదో తేల్చేవాళ్ళం. అంతా విని అది, "అమ్మా, ఇది సైన్సా, కిరాణా కొట్టా?" అంది. ఆ కిరాణా కొట్టే నాచారం పావురాల రెక్కలు ఎనిమిది శాతం తక్కువని తేల్చిందనీ, ఆ లెక్కతోనే విషపు పొగలు వదిలే మందుల కంపెనీ మూతపడిందనీ చెప్పాక కాస్త గౌరవం చూపించింది. రాహేలు వదిన ఉద్యోగం కూడా ఆ మూతలో పోయిందని చెప్పలేదు.

ఒక చిన్న సందేహం. పోల్చి చూడటానికి యూనివర్సిటీ ఆవరణలో పట్టిన అరవై పావురాల కాగితం రెక్కలు పసుపు పచ్చగా తిరిగి, ముట్టుకుంటే అంచులు రాలుతున్నాయి. నాచారంలో మీరు పట్టిన అరవై పావురాలవి మాత్రం ఇంకా తెల్లగా ఉన్నాయి. ఎందుకంటారు?

వదినను అడిగానని చెప్పండి.

మీ చెల్లెలు,
విజయశ్రీ


నాచారం,
19 జూన్ 2025.

విజయశ్రీ మేడంగారికి,
ప్రభువు నామంలో నర్సయ్య వందనాలు.

మీ ఉత్తరం గ్రేసీ పోచారం డ్యూటీ నుంచి వచ్చి నా చేతికిచ్చింది. "నాయనా, నీకు లెటర్ రాసెటోళ్ళు గూడ ఉన్నరా?" అని అడిగింది. రెండుసార్లు చదివాను. మీ దస్తూరీ మారలేదు.

రాహేలును అడిగానని రాశారు. ఆమె మూడేళ్ళ కిందట, ఇరవై రెండులో, ప్రభువు దగ్గరికి వెళ్ళింది. బాధపడింది ఒక్క వారమే. మీకు కబురు చేయనందుకు మన్నించండి.

సార్ పోయిన సంగతి పేపర్లో చూశాను. అంత్యక్రియలకు రాలేకపోయాను. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. పక్షుల పంజరాలు కడగడానికి చేరితే, సార్ నా చిట్టీలు దిద్ది దిద్ది పుస్తకం తెలుగు నేర్పారు. ఇంట్లో ఒక భాష, కాగితం మీద ఒక భాష నాకు అలా అలవాటైంది.

ఒకరోజు ఫ్లైట్ రూములో సార్‌కే తుమ్ము వచ్చింది. రామచిలుక వెళ్ళి వలకు కొట్టుకుంది. సార్ తన పేరున తనే మెమో రాసుకుని, టిక్కు పెట్టుకుని, తీగకు గుచ్చారు. అది దొరికితే గదిలో అందరికీ కనపడే చోట పెట్టండి.

తెల్లకాగితాల సంగతి అడిగారు. అడుగున ఉండి వెలుతురు తగలక అలా ఉండి ఉంటాయి. దాని గురించి ఫికర్ చేయకండి. మోకాలు జాగ్రత్త.

తొంభై ఐదు, తొంభై ఆరు సంవత్సరాల తీగలు కూడా పెట్టెల్లో ఉన్నాయా?

ఇట్లు,
నర్సయ్య


ఉప్పల్,
11 జూలై 2025.

నర్సయ్యన్నా,

వదిన పోయిందని చదివి రెండు రోజులు ఏడ్చాను. జవాబు రాయాలని కూర్చునేసరికి ఇంకో సంగతి నెత్తిన పడింది. నిన్నటి నుంచి ఇంట్లో మోకాలు నొప్పి అని చెప్పి పడుకున్నాను.

వెలుతురు తగలలేదన్నారు. నాచారం కవరే పైన ఉందన్నా. యూనివర్సిటీ కవరు దాని కింద ఉంది. ఊరికే కుతూహలం కొద్దీ రెండు కవర్లలో మిగిలిన ముక్కల నుంచి పది సెంటీమీటర్ల చదరాలు చెరొకటి కోసి హరితకు ఇచ్చాను. హబ్సిగూడలో వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ త్రాసు వెంట్రుక పడినా చూపిస్తుంది. మధ్యాహ్నం ఫోన్ చేసి, "పసుపుది ఒకటీ పాయింట్ ఇరవై గ్రాములు, తెల్లది ఒకటీ పాయింట్ పది. అంతేగా, ఇక నా పని చూసుకోనా?" అంది. ఫోన్ పెట్టేసి పాత రిజిస్టరు తెరిచాను.

నాచారం రెక్కలు పలచటి కాగితం మీద గీసినవి. నేను మందపాటి కాగితం చదరంతో లెక్క కట్టాను. కాగితం పలచనైతే కత్తిరించిన రెక్క తేలిగ్గా తూగుతుంది, రెక్కే చిన్నదని లెక్క వస్తుంది. ఎంత చిన్నదని వస్తుందో వేసి చూశాను. ఎనిమిది శాతం. అరవై పావురాలకూ మళ్ళీ మొదటి నుంచి లెక్క కట్టాను. రాత్రి భోజనానికి కూడా లేవలేదు. ఆవరణ పావురాలకూ వీటికీ తేడా లేదు. నాచారం పావురాల రెక్కలకు ఏమీ కాలేదన్నా. అవి మామూలు పావురాలు.

కొత్త కట్ట విప్పినప్పుడల్లా కొత్త చదరం కోయాలని సార్ గోడ మీద రాయించి పెట్టారు. ఆ పని నాది. రిజిస్టరులో నాచారం పేజీల నిండా "చదరం 1.20" అని నా దస్తూరీతోనే ఉంది, అరవై సార్లు. ఒక్కసారి కూడా కోయలేదు. పైనున్న అంకెను కిందికి దింపుకుంటూ పోయాను. కట్ట మారిందని నాకు తెలియదు. ఆ కాగితాన్ని ఈ చేతులతోనే పట్టుకుని కత్తిరించాను. నా వేళ్ళకు తెలియలేదు.

కంపెనీ మీద వేసిన కమిటీ విచారణలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. నీళ్ళ పరీక్షలు, గాలి పరీక్షలు అన్నింటినీ కంపెనీ వకీలు ఏదో ఒక వంకతో కొట్టిపారేయించాడు. మిగిలింది మన పావురాలే. దాని మీదే కమిటీ తలుపులు మూయించింది. మూడు వందల నలభై మంది రోడ్డున పడ్డారు. ఆ కంపెనీ మంచిదని నేననడం లేదు. కానీ మనం చూపించిన రుజువు రుజువే కాదు.

ఆ ఏడాది క్రిస్మస్‌కు మీ ఇంటికి వచ్చాను. వదిన కేకు ప్లేటు నా చేతికిచ్చి, "పావురాల రెక్కలు పొట్టిగైనయని మా పని వీకేసిన్రట గద?" అంది. నేను తల వంచుకుని తిన్నాను. ఇప్పుడు చెప్తున్నాను, అప్పుడు మనసులో గర్వపడ్డాను. ఈవిడ ఊపిరిని కాపాడింది మేమే, పాపం ఈవిడకు తెలియదు అనుకున్నాను. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

సెప్టెంబరు ఇరవైకి ఆ గది తలుపు మీద పావురం బొమ్మ, కింద "ఎనిమిది శాతం" అని ఇత్తడి రేకు చేయిస్తున్నారు. కాగితం మారిందని మీకు తెలుసా? ఆ ఒక్కటీ చెప్పండి.

విజయశ్రీ


నాచారం,
30 జూలై 2025.

విజయశ్రీ మేడంగారికి వందనాలు.

ఉత్తరం అందింది. వానలకు ఇక్కడ దారి బాగాలేదు, అందుకే ఆలస్యం.

ముప్పై ఏళ్ళయింది. సార్ లేరు, రాహేలు లేదు, ఆ కంపెనీ ఉన్న చోట ఇప్పుడు గోడౌన్లు వచ్చాయి. నా మాట వినండి. ఆ కవరు మళ్ళీ పెట్టెలో పెట్టి తాడు కట్టండి. గది ప్రారంభం కానివ్వండి.

నర్సయ్య


ఉప్పల్,
10 ఆగస్టు 2025.

నర్సయ్యన్నా,

తాడు కట్టమన్నారు. నేను కట్టలేదు సరికదా, తొంభై ఐదు తీగ విప్పాను. మీరు మొదటి ఉత్తరంలోనే ఆ తీగ గురించి ఎందుకు అడిగారో ఇప్పుడు అర్థమైంది.

18 జూలై 1995. ముందువైపు మీ దస్తూరీ: "సార్, ఏడో నంబరు పావురానికి కాలి మీద పుండు. ఈ రోజు ఎగరనివ్వను." కింద సార్ ఎర్ర టిక్కు, "సరే". అలవాటుగా ఖాళీకి ఫోటో తీద్దామని తిప్పాను. ఖాళీ కాదు. "మన కాగితం అయిపోయింది. నాచారం ప్రెస్సులో కొత్తది తెచ్చాను. విజయశ్రీ మేడం చదరం మళ్ళీ కోయాలి."

మా వారు పక్కనే ఉండి ఏమైందని అడుగుతున్నారు, నేను ఆ చిట్టీని ఇటూ అటూ తిప్పుతున్నాను.

మీరు చెప్పారన్నా. అందరికంటే ముందు చెప్పింది మీరు. కాగితం అయిపోయిందని పొదుపు చేసి, ఆ సంగతిని ఉన్న చిట్టీ వెనకే రాశారు. వెనక ఎప్పుడూ ఏమీ ఉండదని సార్‌కు ఎంత నమ్మకమంటే, తిప్పకుండానే తీగకు గుచ్చారు. తప్పు నాదీ, సార్‌దీ. నేనేమో మిమ్మల్ని నిలదీసినట్టు ఉత్తరం రాశాను. సిగ్గుగా ఉంది.

నేను నిర్ణయించుకున్నాను. ఇరవయ్యో తేదీన మైకు ముందు నిలబడి అంతా చెప్తాను. ఆ ఎనిమిది శాతం మీద వచ్చిన నా డిగ్రీ, నా పేరు ఏమైనా కానివ్వండి. సార్ పేరు కూడా పోతుందని తెలుసు, అయినా చెప్తాను. నర్సయ్యగారు ఒక్కరే నిజం రాశారు, చదువుకున్న మేమిద్దరం చూడలేదు అని మిమ్మల్ని ముందు వరుసలో కూర్చోబెట్టి చెప్తాను. గ్రేసీని కూడా తీసుకురండి. మీరు ఇన్నాళ్ళూ ఈ సంగతి ఎవరితోనూ ఎందుకు అనలేదో మాత్రం నాకు అంతుపట్టడం లేదు.

మీ చెల్లెలు,
విజయశ్రీ


నాచారం,
24 ఆగస్టు 2025.

విజయమ్మా,

నన్ను ముందు వరుసలో కూర్చోబెడతానని రాయకపోయి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఆ కుర్చీ నాది కాదు. ఇది చదివాక మీరు నన్ను అన్నా అని పిలవకపోయినా నేనేమీ అనుకోను.

చిట్టీ వెనక రాసిన సంగతి నేనూ మరిచిపోయాను. మీరు చదరం కోసే ఉంటారనుకున్నాను. తొంభై ఆరు జనవరిలో సార్ విచారణ నుంచి వచ్చి, ఎనిమిది శాతం అని అందరికీ లడ్డూలు పంచారు. ఆ లడ్డూ నా నోట్లో ఉండగానే నాకు కాగితం గుర్తొచ్చింది. గణతంత్ర దినం సెలవు రోజు తాళాలు నా దగ్గరే ఉన్నాయి. వెళ్ళి కొత్త కాగితంలో చదరం కోసి తూచాను. ఒకటీ పది. మీ రిజిస్టరు తెరిచాను. ఒకటీ ఇరవై. గుణించడం నాకు వచ్చు.

అక్కడే చిట్టీ రాశాను. ఒకే సంగతి, ఒకవైపే. కమిటీ నిర్ణయం మార్చిలో. ఇంకా ఐదు వారాలు ఉంది. సార్ ఇంటి గేటు దాకా వెళ్ళాను. శ్యామలమ్మగారు ముగ్గు వేస్తూ, "ఏం నర్సయ్యా, సెలవు రోజున వచ్చావు?" అన్నారు. ఊరికే అమ్మా అని చెప్పి వెనక్కి తిరిగాను.

రాహేలు ఆ కంపెనీలో పొడులు ఆరబెట్టే గదిలో పనిచేసేది. గోళ్ళు పసుపు పచ్చగా అయ్యాయి. దగ్గితే రుమాలులో రక్తం పడేది. ఆ రుమాలు నాకు కనపడకుండా బియ్యం డబ్బా వెనక దాచేది. మానేయమని రెండేళ్ళు బతిమాలాను, కొట్లాడాను. "నేను మానితె నా తమ్మున్ని గూడ తీసేస్తడు సూపర్వైజరు. ఇద్దర్ని జోడి జేసి పెట్టుకుండు. గా కంపిని మూతవడ్డనాడు మానుత. గంతదనుక నన్ను అడగకు" అంది. ఆమె తమ్ముడు బుచ్చిరాములు అక్కడే బాయిలరు దగ్గర పనిచేసేవాడు. గేటు దగ్గర నాకు ఆ మాటే చెవిలో మోగింది. మూతపడిననాడు మానుతా అంది. మూతపడబోతోంది. నేను ఒక చిట్టీ ఇవ్వకుండా ఉంటే చాలు.

ఇవ్వలేదు. బైబిల్లో పెట్టుకున్నాను. మీది మరుపు విజయమ్మా. నాది మరుపు కాదు.

ఏడాదికి రాహేలు దగ్గు తగ్గింది. ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టింది. ఇరవై ఆరేళ్ళు బతికింది. గ్రేసీ పెళ్ళి చూసింది, మనవరాలిని ఎత్తుకుంది. దాని గురించి నాకు ఈ రోజుకీ సంతోషమే. అది దాచి ఉత్తరం రాస్తే మళ్ళీ అబద్ధమే అవుతుంది.

బుచ్చిరాములుకు మాత్రం పని దొరకలేదు. మూతపడిన కంపెనీ యూనియన్ వాడని ఎవరూ గేటు లోపలికి రానివ్వలేదు. ఐదేళ్ళు ఏ పని దొరికితే ఆ పని చేశాడు. రెండు వేల ఒకటిలో బోడుప్పల్‌లో అపార్టుమెంటు కడుతుంటే మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. శవం దగ్గర రాహేలు గుండెలు బాదుకుంటూ, "ఆ పావురాల సారు మట్టిగొట్టుకపోను, నా తమ్మున్ని మింగిండు" అని ఏడ్చింది. నేను ఆమె భుజం పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఆ తరువాత కూడా బతికినన్నాళ్ళూ సార్‌ను తిట్టింది. ఆమె తిడుతున్నది పక్కన అన్నం తింటున్న నన్నని ఆమెకు తెలియదు. బుచ్చిరాములు భార్య ఉప్పలమ్మ నన్ను దేవుడసొంటి అన్న అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా లేచి బయటికి పోతాను. చెవుడు వచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఇంకొకటి కూడా మీకు చెప్పలేదు. ఈ ఏడాది జనవరిలో నేను సార్‌ను దవాఖానాలో చూశాను. గొంతులో గొట్టం ఉండి మాట్లాడలేకపోయారు. చేత్తో సైగ చేసి నా జేబులో పెన్ను తీసుకుని చిట్టీ రాశారు. "నాచారం పావురాలు. జీవితంలో పనికొచ్చిన పని అదొక్కటే చేశాం." చెబుదామనే వెళ్ళాను. చెప్పలేక, "అవును సార్" అని కింద రాశాను. ఆయన టిక్కు పెట్టారు. అందుకే అంత్యక్రియలకు రాలేదు.

ఆ చిట్టీ, సార్‌కు ఇవ్వని చిట్టీ రెండూ ఇందులో పెడుతున్నాను. మీరు ఏం చేసినా సరే.

నర్సయ్య


ఉప్పల్,
3 సెప్టెంబరు 2025.

నర్సయ్యన్నా,

మీ ఉత్తరం చదివాక మూడు రోజులు దాన్ని ముట్టుకోలేదు. అలమారలో చీరల కింద పెట్టి తాళం వేశాను. కోపం వచ్చింది. ఇంకా ఉంది. ఆ రోజు మీరు చిట్టీ ఇచ్చి ఉంటే నాకు ఒక ఏడాది పోయేది, సార్ నాలుగు చీవాట్లు పెట్టేవారు, అంతటితో అయిపోయేది. ఇరవై ఏడేళ్ళు కాలేజీలో పిల్లలకు ఆ ఎనిమిది శాతాన్ని బోర్డు మీద రాసి పాఠం చెప్పాను. నాకొక్క చిట్టీ అయినా రాయవచ్చు కదా.

నాలుగో రోజు రుమాలు గుర్తొచ్చింది. మా అమ్మ చనిపోయే ముందు మాత్రలు మింగినట్టు నటించి దిండు కింద దాచేది. దొరికినప్పుడు నాకు ఎంత భయం వేసిందో గుర్తొచ్చింది. మీ స్థానంలో నేనుంటే గేటు తీసుకుని లోపలికి వెళ్ళేదాన్నా అని నన్ను నేనే అడుగుతున్నాను. అన్నా అని పిలవడం మాత్రం మానలేను, ముప్పై ఏళ్ళ అలవాటు.

శ్యామలాదేవిగారికి చెప్పడానికి ఆటోలో వెళ్ళాను, మోకాలి ఆపరేషన్ తరువాత ఇదే మొదటిసారి గడప దాటడం. అంతా విన్నారు. చివరికి, "ఆయనకు తెలియకుండా పోయారు కదా, నాకది చాలు. ఇత్తడి రేకు ఆపించు" అన్నారు. లైబ్రరీకి ఫోన్ చేసి ఆపించాను. గది మాత్రం ఉంటుంది. ఆయన గబ్బిలాల మీద, గద్దల మీద చేసిన పనంతా నిక్కచ్చిగా ఉంది, నేను ఒక్కొక్క పేజీ సరిచూశాను. నాచారం పావురాల కవరు కూడా ఉంటుంది, జరిగినదంతా రాసిన కాగితంతో. ముందుగా నా పేరే రాశాను.

దవాఖానా చిట్టీ శ్యామలాదేవిగారికి ఇచ్చాను. సార్‌కు ఇవ్వని చిట్టీ మాత్రం మీకే తిప్పి పంపుతున్నాను. దాని మీద మీ సంతకం లేదు. పెట్టి పంపితే కవరులో చేరుస్తాను, అప్పుడు మీ సంగతి కూడా అందరికీ తెలుస్తుంది. పంపకపోతే మీ పేరు నా నోట రాదు. మాట ఇస్తున్నాను.

ఆ రెండు చదరాలు కూడా పంపుతున్నాను. ఎందుకో మీరు ఒకసారి చేతిలోకి తీసుకోవాలనిపించింది. ఆ కవర్లలో అంత పెద్ద ముక్కలు ఇక లేవు, ఇవే ఆఖరివి, జాగ్రత్తగా పదిహేనో తేదీలోపు తిప్పి పంపండి.

ఒక్కటే అడుగుతాను. ఇరవయ్యో తేదీన నేను మాట్లాడితే పేపర్లో వస్తుంది. ఉప్పలమ్మ ఎవరి నోటనో వినకూడదు. మీరే చెప్పండి.

విజయశ్రీ


నాచారం,
14 సెప్టెంబరు 2025.

విజయమ్మకు,
నర్సయ్య వందనాలు.

ముందు గ్రేసీకి చెప్పాను. రెండు రోజులైంది, నాతో మాట్లాడటం లేదు. నాకు ఎలాగూ వినపడదు, అయినా తెలుస్తోంది. కంచం పెట్టి వెళ్ళిపోతోంది.

ఈ ఉదయం చర్చిలో ప్రార్థన అయ్యాక మల్లాపూర్‌లో ఉప్పలమ్మ ఇంటికి వెళ్ళాను. చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "రా అన్నా, కూసో. చాయ్ వెట్టాల్నా?" అని నా చెవి దగ్గర అరిచింది. వద్దన్నాను. మొత్తం చెప్పాను. రాహేలు రుమాలు, గేటు, బైబిల్లో చిట్టీ, అన్నీ. ఆమె తిడుతుందనుకున్నాను. కొడుతుందని కూడా అనుకున్నాను. చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉంది. నోరు తెరిచి నన్నే చూస్తోంది. ముప్పై ఏళ్ళలో ఆమె నన్ను అలా చూడలేదు. ఆ చూపు నేను మరిచిపోలేను.

నా చెవి దగ్గరికి వంగి, "గా కాయితాలేవి?" అంది. మీరు పంపిన రెండు చదరాలు జేబులో నుంచి తీసి ఆమె రెండు అరచేతుల్లో చెరొకటి పెట్టాను. కళ్ళు మూసుకుంది. కూరగాయలు జోకినట్టు రెండు చేతులూ పైకీ కిందికీ ఆడించింది. "రెండు ఒక్కతీర్గనే ఉన్నయి గదనే" అంది. చేతికి తెలియదమ్మా, త్రాసుకే తెలుస్తుంది అన్నాను. ఈ చేతిలోది ఆ చేతికి మార్చి మళ్ళీ చూసింది. మూడుసార్లు చూసింది. అప్పుడు ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను. నన్ను అన్న అని పిలవలేదు.

నా చిట్టీ ఇందులో ఉంది. ముందువైపే సంతకం చేశాను. కవరులో పెట్టండి.

చదరాలు మాత్రం పంపలేకపోతున్నాను. తిరిగి ఇమ్మని అడిగితే కొంగున ముడి వేసుకుని, "ఇయ్య" అంది. ఇరవయ్యో తేదీన మీ గదికి తనే తెస్తుందట. "అచ్చినోళ్ళందరి చేతుల్ల వెడ్త. సదువుకున్నోళ్ళే గద, ఏది బరువున్నదో జెప్పుమంట" అంది.

ముందు వరుసలో ఒక కుర్చీ ఆమెకు ఉంచండి. నేను వెనక నిలబడతాను.

నర్సయ్య